పోస్టర్ అచ్చుకు వెళ్లకముందే లాయర్ని పిలవండి

సంపాదకులకు నమస్కారం.

కొత్త మందు మీద పనిచేసే చిన్న కంపెనీల గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘కంపెనీకి అంతర్జాతీయ పేటెంట్ లభించింది, త్వరలో మార్కెట్లోకి మందు’. ఈ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. అంతర్జాతీయ పేటెంట్ అనేదే లోకంలో లేదు. పీసీటీ (పేటెంట్ సహకార ఒప్పందం) కింద వేసేది అంతర్జాతీయ దరఖాస్తు, పేటెంట్ ఇచ్చేది ఆయా దేశాల, ప్రాంతాల కార్యాలయాలు. ఆ దరఖాస్తు 18 నెలలకు దానంతటదే ప్రచురితమవుతుంది, దాన్నే ‘లభించింది’ అని రాస్తున్నారు. మూడో తప్పు అన్నిటికన్నా పెద్దది. పేటెంట్ నిజంగానే చేతికొచ్చినా, దాంతో వచ్చేది ఇతరులను ఆపే హక్కు. మన మందు మనం అమ్ముకోవచ్చన్న హామీ అందులో ఉండదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది ఈ వార్త. విలేకరిని తప్పుపట్టడం లేదు, కంపెనీ పంపిన ప్రకటనలోనే అలా ఉంటుంది. చాలాసార్లు ఆ కంపెనీ నడిపేవాళ్లు కూడా అదే నమ్ముతుంటారు, ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది అందుకే.

మందులు, బయోటెక్ కంపెనీలకు న్యాయసేవలు అనగానే కోర్టులో వాదించే సీనియర్ న్యాయవాది కళ్లముందు మెదులుతాడు. దావా చివరి మెట్టు. అక్కడికి చేరేసరికి గెలుపోటములు చాలావరకు తేలిపోయి ఉంటాయి, ఎన్నో ఏళ్ల కిందట ఎవరో చదవకుండా సంతకం పెట్టిన రెండు పేజీల కాగితం మీదో, సదస్సు గోడకు అంటించిన పరిశోధన ఫలితాల పోస్టర్ మీదో. ఈ రంగంలో లాయరు పనిలో ఎక్కువ భాగం రెండే రెండు: తేదీలు, సంతకాలు. రెండూ ల్యాబ్‌లో పని మొదలైన రోజే మొదలవుతాయి. లాయరుకు కబురు మాత్రం పెట్టుబడిదారు కాగితాలు అడిగాకే వెళ్తుంది.

ముందు తేదీల సంగతి. కనిపెట్టిన విషయం దరఖాస్తు వేసే రోజుకు లోకానికి తెలిసి ఉండకూడదు. తెలియడమంటే జర్నల్లో అచ్చవడమే అనుకుంటే పొరపాటు. సదస్సుకు వారం ముందు ఆన్‌లైన్‌లో పెట్టిన సారాంశాల సంకలనం చాలు. విశ్వవిద్యాలయం సైట్‌లోకి ఎక్కిన పీహెచ్‌డీ థీసిస్ చాలు. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో పెట్టిన మోతాదు, ఎన్ని గంటలకోసారి ఇస్తారు, ఎలాంటి రోగులను తీసుకుంటారు అన్న వివరాలు కూడా చాలు. ఈ చివరిది చాలామంది ఊహించరు. రిజిస్ట్రీలో నమోదు ఎలాగూ తప్పనిసరి కదా, తప్పనిసరి పని చేస్తే హక్కెలా పోతుందనుకుంటారు. పోతుంది. మోతాదు మీద పేటెంట్ అడిగే ఉద్దేశం ఉంటే రిజిస్ట్రీ కన్నా ముందు దరఖాస్తు వెళ్లాలి.

ముందే బయటపెట్టినా ఏడాది దాకా మన్నించే వెసులుబాటు అమెరికాలో, జపాన్‌లో ఉంది. యూరప్‌లో అది లేనట్టే లెక్క: ఎవరైనా మోసంతో బయటపెడితేనో, అధికారిక గుర్తింపు ఉన్న ఏ కొద్ది ప్రదర్శనల్లోనో తప్ప. అమెరికా నుంచి తిరిగొచ్చిన శాస్త్రవేత్తలు ఈ తేడా దగ్గరే దెబ్బతింటారు.

సరే, పోస్టర్‌కు రెండు రోజుల ముందు హడావిడిగా ఒక ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు పడేస్తే సరిపోతుందా? ఎక్కువ అనర్థాలు ఇక్కడే. 1883 నాటి పారిస్ ఒప్పందం ప్రకారం మొదటి దరఖాస్తు తేదీనుంచి 12 నెలల్లోపు వేరే దేశాల్లో వేస్తే పాత తేదీయే వర్తిస్తుంది. కానీ ఆ తేదీ వర్తించేది మొదటి కాగితంలో రాసిన విషయానికే. ఉదాహరణకు, ప్రొవిజనల్‌లో ఒకే ఒక అణువు, ఒక్క ప్రయోగం రాశారు. నాలుగో నెలలో పోస్టర్ వేసి, అందులో అదే కుటుంబానికి చెందిన మరో మూడు అణువులు చూపారు. పన్నెండో నెలలో పూర్తి దరఖాస్తు వేసి నాలుగిటినీ కోరారు. మొదటి అణువుకు పాత తేదీ దక్కుతుంది. మిగతా మూడింటికి తేదీ పన్నెండో నెల. అప్పటికి ఎనిమిది నెలల ముందే వాటిని బయటపెట్టింది ఎవరు? మనమే. యూరప్‌లో మన పోస్టరే మన మీద సాక్ష్యం. అందుకే ప్రొవిజనల్‌ను పూర్తి దరఖాస్తు అన్నంత శ్రద్ధగా రాయాలి: లవణాలు, ఐసోమర్లు (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న రూపాలు), మోతాదుల పరిధి, తయారీ విధానం, చేసిన ప్రయోగాలతో పాటు చేయబోయేవి కూడా. కొత్త ఫలితం వచ్చినప్పుడల్లా ఇంకో ప్రొవిజనల్ వేయడానికి అడ్డేమీ లేదు. 12 నెలల గడువు మాత్రం మొదటిదాని నుంచే లెక్క.

పాత తేదీ దక్కాలంటే మొదటి దరఖాస్తుదారుల పేర్లూ తర్వాతి దరఖాస్తులో సరిపోవాలి. క్రిస్పర్ జన్యు సవరణ మీద అమెరికా పరిశోధన సంస్థ బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌కు యూరప్‌లో ఉన్న ఒక కీలక పేటెంట్ 2018లో రద్దయింది, 2020లో అప్పీలు కూడా ఓడిపోయింది. సైన్స్‌లో తప్పు దొర్లి కాదు. అమెరికాలో వేసిన మొదటి దరఖాస్తుల్లో ఉన్న ఒక వ్యక్తి పేరు అంతర్జాతీయ దరఖాస్తులో లేదు, అతని ప్రయారిటీ హక్కును (పాత తేదీ వాడుకునే హక్కును) రాయించుకున్న కాగితమూ లేదు. పాత తేదీ పోయింది, ఈలోపు వచ్చిన ప్రచురణలన్నీ అడ్డుపడ్డాయి. ఒక్క పేజీ బదిలీ పత్రం, అంతర్జాతీయ దరఖాస్తుకు ముందే సంతకమై ఉంటే సరిపోయేది.

భారత్‌లో నివసించే పరిశోధకులున్న కంపెనీలకు ఇంకో చిక్కు ఉంది. పేటెంట్ చట్టం 39వ సెక్షన్ ప్రకారం ముందు భారత్‌లో దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా నేరుగా విదేశంలో వేయడానికి ముందస్తు అనుమతి తీసుకోవాలి. అనుమతి సాధారణంగా 21 రోజుల్లో వస్తుంది. విదేశీ భాగస్వామి లాయర్లు తమ దేశంలో రాత్రికి రాత్రి దాఖలు చేసేసి, మర్నాడు ‘అభినందనలు’ అని మెయిల్ పంపుతారు. ఆ అభినందనలతో ఇక్కడి దరఖాస్తు వదులుకున్నట్టే లెక్కవుతుంది.

ఇక సంతకాలు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, రోష్ కంపెనీల మధ్య నడిచిన కేసు ఈ రంగంలో కాంట్రాక్టులు రాసే ప్రతివారూ గోడకు అతికించుకోవాల్సింది. హెచ్ఐవీ వైరస్ ఎంత ఉందో పీసీఆర్‌తో (జన్యు పదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచే పద్ధతితో) కొలిచే విధానం ఎవరిదన్నదే గొడవ. పరిశోధకుడు 1988లో విశ్వవిద్యాలయానికి రాసిచ్చిన కాగితంలో ఉన్న మాట ‘హక్కులు బదిలీ చేయడానికి అంగీకరిస్తున్నాను’. మరుసటి ఏడాది ఆయన పీసీఆర్ నేర్చుకోవడానికి సీటస్ అనే కంపెనీకి వెళ్తూ, అక్కడ సందర్శకులకిచ్చే గోప్యత పత్రం మీద సంతకం చేశారు. అందులో ఉన్న మాట ‘బదిలీ చేస్తాను, ఇందుమూలంగా చేస్తున్నాను’. సీటస్ పీసీఆర్ వ్యాపారాన్ని తర్వాత రోష్ కొనుక్కుంది. అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 2009లో ఈ రెండు వాక్యాల కాలభేదం మీదే తీర్పిచ్చింది. మొదటిది రేపటి మాట, రెండోది ఇవాళ్టి చేత, కాబట్టి హక్కు సీటస్‌కు పోయింది. ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన కాబట్టి హక్కు విశ్వవిద్యాలయానికే దఖలు పడుతుందన్న వాదననూ 2011లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు చేతిలో పెట్టే సందర్శకుల ఫారం చదవకుండా సంతకం చేసే శాస్త్రవేత్తలు ఇప్పటికీ తక్కువేమీ లేరు.

కాబట్టి ఉద్యోగులు, సలహాదారులు, ఇంటర్న్‌లు, బయట ల్యాబ్‌లు, అందరి ఒప్పందాల్లోనూ ‘ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాను’ అన్న మాటే ఉండాలి. వ్యవస్థాపకుడు కంపెనీ పెట్టకముందు చేసిన పని విడిగా రాయించుకోవాలి. జీతం ఇస్తున్నాం కదా, పని మనదే అని ధీమా పడొద్దు. విద్యార్థికి జీతం ఉండదు, బయట ల్యాబ్‌కు ఇచ్చేది ఫీజు. వేరే సంస్థ నుంచి కణాలో, ప్లాస్మిడ్‌లో (చిన్న డీఎన్ఏ వలయాలో) తెచ్చుకునేటప్పుడు రాసుకునే మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందంలో ‘దీనితో వచ్చే ఫలితాల మీద మాకూ హక్కు’ అన్న ముక్క ఉందేమో వెతకాలి. సాధారణంగా నాలుగో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆవిష్కర్తల జాబితాలో డైరెక్టరుగారి పేరు మర్యాద కోసం చేర్చడం ఇంకో దురలవాటు. పరిశోధన పత్రానికి రచయితల జాబితా వేరు, పేటెంట్‌కు ఆవిష్కర్తల జాబితా వేరు. క్లెయిములో, అంటే పేటెంట్‌లో హక్కు కోరే వాక్యంలో, ఉన్న ఆలోచనకు ఎవరు తోడ్పడ్డారన్నదే లెక్క. పేరు ఎక్కువైనా తక్కువైనా ఎదుటి పక్షానికి ఆయుధమే.

బయోటెక్‌లో మాటలతో వర్ణించలేని వస్తువులుంటాయి: ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే ఒక కణ వరుస (సెల్ లైన్), ఒక బ్యాక్టీరియా రకం. వాటిని 1977 నాటి బుడాపెస్ట్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన నిల్వ కేంద్రంలో జమ చేయాలి. జమ తేదీ దరఖాస్తు తేదీకి తర్వాత ఉంటే చాలా దేశాల్లో చెల్లదు. నమూనా పంపగానే పని అయిపోయినట్టు కాదు. అది బతికుందో లేదో కేంద్రం పరీక్షించి పత్రం ఇస్తుంది. డ్రై ఐస్‌లో పెట్టిన పెట్టె కస్టమ్స్‌లో నాలుగు రోజులు ఆగితే నమూనా చచ్చిపోతుంది, అప్పుడు మళ్లీ మొదటికి. కాబట్టి దీన్ని వారాల ముందు మొదలుపెట్టాలి, రెండో సెట్ సిద్ధంగా ఉంచుకోవాలి. జమ చేసినవాటిని కనీసం 30 ఏళ్లు భద్రపరుస్తారు.

క్లెయిములు ఎంత వెడల్పుగా రాయాలన్నది వేరే కథ, దానికి రెండు తీర్పులు చాలు. భారత చట్టంలోని సెక్షన్ 3(డి) ప్రకారం తెలిసిన పదార్థానికి కొత్త రూపం కనిపెడితే, ఆ పదార్థపు సామర్థ్యం పెరిగిందని చూపించాలి. నోవార్టిస్ కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: మందు విషయంలో సామర్థ్యమంటే చికిత్సా సామర్థ్యం. ఇమాటినిబ్ మెసిలేట్ అనే క్యాన్సర్ మందు బీటా స్ఫటికం బాగా జారుతుంది, తేమ తక్కువ పీలుస్తుంది, 30 శాతం ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది అన్నవి ఆ పరీక్షకు నిలవలేదు. కొత్త లవణమో, స్ఫటికమో తెచ్చే కంపెనీ ఫార్ములేషన్ (మందును మాత్రగానో, సూదిమందుగానో రూపొందించే) విభాగంతో పాటు ఫార్మకాలజీ (మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చూసే) విభాగాన్ని కూడా లాయరు గదిలో కూర్చోబెట్టాలి. పోల్చాల్సింది దేనితో, ఏ జంతువులో, ఏ కొలమానంతో అన్నది ప్రయోగానికి ముందే తేలాలి. పరీక్షకుడి అభ్యంతరం వచ్చాక చేసే ప్రయోగానికి అంత బరువుండదు. రెండో తీర్పు 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఆమ్జెన్, సనోఫీ కేసు. కొలెస్ట్రాల్‌కు సంబంధించిన పీసీఎస్‌కే9 ప్రొటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీలన్నీ మావే అంది ఆమ్జెన్. అమైనో ఆమ్లాల వరుసతో సహా వర్ణించినవి 26. మిగతావి మీరే వెతుక్కోండి అన్నట్టుందని కోర్టు కొట్టేసింది. ఎంత అడుగుతామో అంత చేసి చూపాలి.

మన పేటెంట్ మన మందుకు దారి ఇవ్వదని మొదట్లో చెప్పాం. దారి ఉందో లేదో చూసే పనిని ఎఫ్‌టీఓ (ఫ్రీడమ్ టు ఆపరేట్) పరిశీలన అంటారు. అణువు మీద పేటెంట్ ముగిసినా లవణం, స్ఫటికం, ఫార్ములేషన్, తయారీ విధానం, మధ్యలో వచ్చే రసాయనం, వీటిలో దేనిమీదైనా ఇంకొకరి హక్కు నిలిచి ఉండొచ్చు. ఏ దేశంలో తయారుచేస్తాం, ఏ దేశంలో అమ్ముతాం అన్నదాన్ని బట్టి దేశానికో జాబితా తీయాలి. చదవాల్సింది సారాంశం కాదు, క్లెయిములు. ఎంత గట్టిగా వెతికినా చివరి 18 నెలల్లో పడ్డ దరఖాస్తులు కంటికి కనబడవు, కాబట్టి అదే వెతుకులాట ఆరు నెలలకోసారి మళ్లీ చేయాలి. ట్రయల్స్‌కు, అనుమతుల కోసం చేసే పనికి చాలా దేశాల్లో మినహాయింపు ఉంది. భారత్‌లో 107ఏ సెక్షన్, అమెరికాలో 1984 చట్టం. అమ్మకానికి సరుకు ముందే తయారుచేసి గోదాములో పెట్టుకోవడానికి ఆ మినహాయింపు వర్తిస్తుందనుకోవడం ప్రమాదం.

గడువుల గురించి ఒక్క ఉదాహరణ. అమెరికాలో అనుమతి కోసం పోయిన కాలానికి పరిహారంగా పేటెంట్‌ను ఐదేళ్ల దాకా పొడిగిస్తారు. దరఖాస్తుకు గడువు అనుమతి వచ్చిన రోజు నుంచి 60 రోజులు. బైవాలిరుడిన్ అనే రక్తం గడ్డకట్టనివ్వని మందుకు 2000 డిసెంబరు 15, శుక్రవారం, కార్యాలయ వేళలు ముగిశాక ఫ్యాక్స్‌లో అనుమతి వచ్చింది. పొడిగింపు దరఖాస్తు 2001 ఫిబ్రవరి 14న పడింది. డిసెంబరు 15ను మొదటి రోజుగా లెక్కిస్తే ఫిబ్రవరి 12తో 60 రోజులు నిండాయి. సోమవారం, 18 నుంచి లెక్కిస్తే 15 దాకా గడువుంది. పేటెంట్ కార్యాలయం మొదటి లెక్క పట్టింది. ఈ రెండు రోజుల తేడా మీద దాదాపు పదేళ్లు కొట్లాట నడిచి, 2010లో కోర్టు రెండో లెక్క ఒప్పుకుంటే, 2011లో చట్టమే మార్చారు. 2010 మార్చిలో ముగియాల్సిన పేటెంట్ 2014 డిసెంబరు దాకా నిలిచింది. గడువుల రిజిస్టరు ఎవరి దగ్గరుందో లాయరును నియమించిన రోజే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. లాయరు దగ్గర ఒకటి, కంపెనీ దగ్గర విడిగా ఒకటి ఉండాలి. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని నింపకూడదు, తప్పు రెండింట్లోనూ ఎక్కుతుంది. గడువును రోజులు లెక్కించి రాసేటప్పుడు అత్యంత ముందు తేదీనే పట్టాలి.

లైసెన్సు ఒప్పందాల్లో అందరూ రాయల్టీ శాతం మీద గంటలకొద్దీ బేరమాడి, ‘నికర అమ్మకాలు’ నిర్వచనాన్ని పదినిమిషాల్లో దాటేస్తారు. డిస్కౌంట్లు, తిరుగు సరుకు, రవాణా, పన్నులు, ఏవేవి తీసేస్తారో అక్కడే ఉంటుంది. రెండు మందులు కలిపిన మాత్రలో మన మందు వాటా ఎంత అన్నదీ అక్కడే. 5 శాతం రాయల్టీ కాగితం మీద 5గానే ఉండి, చేతికి 3 రావచ్చు. అమెరికా మార్కెట్ ఉంటే పేటెంట్ ముగిశాక కూడా అదే పేటెంట్‌కు రాయల్టీ వసూలు చెల్లదు: 1964లో చెప్పినదాన్ని సుప్రీంకోర్టు 2015లో మళ్లీ ఖాయం చేసింది. పేటెంట్‌కు వేరు, సాంకేతిక పరిజ్ఞానానికి వేరు రేటు పెట్టి, పేటెంట్ ముగియగానే మొత్తం తగ్గేలా రాస్తే నిలుస్తుంది. ఒప్పందం తెగిపోతే ట్రయల్స్ డేటా, అనుమతుల ఫైళ్లు, చేతిలో ఉన్న సరుకు ఎవరికి చేరతాయో రాయని ఒప్పందం విడాకుల మాట తలవని పెళ్లి లాంటిది. పెద్ద కంపెనీ ప్రాధాన్యాలు మార్చుకుని మందును అటకెక్కిస్తే చిన్న కంపెనీకి పేటెంట్ తిరిగొస్తుంది, డేటా రాదు. డేటా లేని పేటెంట్‌తో మళ్లీ మొదటి దశ నుంచి ట్రయల్స్ చేయాలి.

నాణ్యత, భద్రత ఒప్పందాలను లాయర్లు చూడనే చూడరు, సాంకేతిక విషయమని వదిలేస్తారు. ఇది మా వృత్తి వారి తప్పే. ట్రయల్‌లో అనుకోని, మందు వల్లే అనిపించే ప్రాణాంతక దుష్ఫలితం వస్తే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 7 రోజుల్లో, ప్రాణాంతకం కాని తీవ్రమైనదైతే 15 రోజుల్లో నియంత్రణ సంస్థకు తెలపాలి. ఆసుపత్రి స్పాన్సర్‌కు (ట్రయల్ చేయిస్తున్న కంపెనీకి) ఎన్ని గంటల్లో చెప్పాలి, భాగస్వామి కంపెనీకి ఎవరు చెప్పాలి అన్నది ఒప్పందంలో లేకపోతే ఆ 7 రోజుల్లో నాలుగు రోజులు ఈమెయిళ్లలోనే కరిగిపోతాయి. అలాగే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీదారులు ఫారం 483 (తాము చూసిన లోపాల జాబితా) ఇచ్చి వెళ్లాక 15 పని దినాల్లో జవాబు వెళ్లాలి. ఆ జవాబులో నెరవేర్చలేని తేదీలు రాయడం కన్నా ఆలస్యమైన నిజమైన తేదీ రాయడం మేలు. తర్వాతి తనిఖీ ఆ కాగితం చేతిలో పట్టుకునే మొదలవుతుంది.

లాయరును ఎంచుకునేవాళ్లు అడగాల్సింది ఫీజు ఒక్కటే కాదు. ఇదే అణువు మీద, ఇదే రోగం మీద పోటీ కంపెనీకి పనిచేస్తున్నారా అని మొదటే అడగాలి. అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్ గ్రాఫు, యాంటీబాడీ వరుస చూసి ప్రశ్న వేయగలిగిన మనిషి ఆ బృందంలో ఉన్నాడో లేదో చూడాలి. దావా లాయరు, పేటెంట్ రాసే ఏజెంటు, నియంత్రణ వ్యవహారాలు చూసే మనిషి, ముగ్గురూ ఒకరి కాగితం ఒకరు చదవాలి. పేటెంట్ కార్యాలయానికి ‘ఇది పాతదానికన్నా పూర్తిగా భిన్నం’ అని, మందుల నియంత్రణ సంస్థకు ‘పాతదానిలాంటిదే, కొత్త ట్రయల్ అక్కర్లేదు’ అని రాసిన కంపెనీలున్నాయి. రెండు ఫైళ్లూ ఎదుటి లాయరు బల్ల మీద పక్కపక్కన పడిన రోజు జవాబు దొరకదు.

చివరగా మీ వాణిజ్య విభాగానికి ఒక విన్నపం. పేటెంట్ వచ్చిందని ఏ మందుల కంపెనీ ప్రకటన పంపినా నాలుగు ప్రశ్నలు అడిగి అచ్చువేయండి: నంబరు ఎంత, ఏ దేశంలో, దరఖాస్తా మంజూరైన పేటెంటా, మొదటి క్లెయిము దేనిమీద. నంబరు ఇస్తే ఎవరైనా పేటెంట్ కార్యాలయం సైట్‌లో రెండు నిమిషాల్లో సరిచూసుకోవచ్చు.

భవదీయులు,
మందుల, బయోటెక్ కంపెనీల కాగితాలు చూసే న్యాయవాదులు